పెకాన్ నదీతీరే

పంచపాత్రలోంచి ఉద్ధరిణెతో మూడు చుక్కలు తీసి పరంధామయ్య యంత్రం వెనకున్న రబ్బరు గిన్నె అంచున వేశాడు. దాన్ని కారు ముందద్దానికి ఆనించి, బొటనవేలితో గట్టిగా నొక్కి, పది అంకెలు లెక్కపెట్టాడు. ఊడిపడలేదు. టెక్సాస్ ఎండకు రబ్బరు మెత్తబడి, దారి చూపే ఆ అరచేతి వెడల్పు యంత్రం నెలకు నాలుగుసార్లయినా ఆయన ఒళ్లో వచ్చి పడుతుంది. ఉమ్మితో తడిచేసి అంటిస్తే నిలుస్తుందని అమ్మినవాడు చెప్పాడు గాని, విజయదశమినాడు బొట్టు పెట్టి పూజించే వస్తువుకు ఎంగిలి తగిలించడానికి ఆయనకు చేతులు రాలేదు.

అందరూ ఫోన్‌లో దారి చూసుకుంటున్న రోజుల్లో ఈ పాత పెట్టె ఎందుకని ఇర్వింగ్‌లో ఆయన్ను అడగనివారు లేరు. ఫోన్‌కు మూడు నిమిషాలకొకరు ముహూర్తం అడుగుతూ పిలుస్తారనీ, పిలుపు వచ్చినప్పుడల్లా దారి మాయమవుతుందనీ చెప్పేవాడు. అది పైకి చెప్పే కారణం.

ఏ పూజకైనా ముందు సంకల్పం చెప్పాలి. ఏ కాలంలో, మేరుపర్వతానికి ఏ దిక్కున, ఏ నది ఒడ్డున కూర్చుని ఈ కర్మ ఆచరిస్తున్నామో భగవంతుడికి విన్నవించుకోవాలి. పన్నెండేళ్ల వయసులో పాఠశాలలో "మేరువు ఎక్కడుందండీ?" అని అడిగినందుకు గురువుగారు ఆ వాక్యాన్నే ఆయనచేత ఇరవైసార్లు చెప్పించారు. జవాబు మాత్రం చెప్పలేదు. ఆ తర్వాత ముప్పై అయిదేళ్లు ఆయన చూడని చోట్ల పేర్లు చెబుతూనే గడిపాడు. ఈ దేశం వచ్చి, ఆలయంలో పులిహోర కలిపి, నలభై ఏడో ఏట మూడుసార్లు తప్పి నాలుగోసారి డ్రైవింగ్ పరీక్ష నెగ్గి, ఈ పెట్టె కొన్నాడు. ఒకనాడు ఎవరింటి ముందో కారు ఆపితే, తెర మీద ఆ ఇంటి వెనుక సన్నని నీలిగీత, దాని పక్కన చిన్న అక్షరాలతో ఒక పేరు కనిపించాయి. ఆయన ఒళ్లు ఝల్లుమంది. నది!

అప్పటి నుంచి ప్రతి ఇంటి ముందూ ఆగి, దగ్గరలోని నీలిగీత పేరు చూసుకున్నాకే పూజసామాను దించుతాడు. తక్కిన పురోహితులు ఊరంతటికీ ట్రినిటీ నది ఒక్కదాన్నే చెప్పి సరిపెట్టుకుంటారు. పరంధామయ్య ఏ ఇంటి వాగును ఆ ఇంటికి చెబుతాడు.

ఆ ఉదయం ఒక కొత్త కారుకు పూజచేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, పదిన్నరకు విశ్వనాథం గారింటికి చేరాడు. ఆయన జన్మనక్షత్రం ఆ రోజు. మెడలో హెడ్‌సెట్ వేలాడుతుండగా కూతురు హాసిని తలుపు తీసింది.

"రండి పంతులుగారూ. మీటింగ్ డ్రాప్ చేసి వచ్చేశాను. నాన్నగారు మెలకువగానే ఉన్నారు. నిన్న నర్స్ వచ్చి చూసింది..." గొంతు తగ్గించింది. "ఇంక రోజుల్లోనే అంది."

విశ్వనాథం ముప్పై నాలుగేళ్లు నీటిపారుదల శాఖలో పనిచేసి, కాలువగట్ల మీద సైకిల్ తొక్కి తొక్కి అరిగిన మనిషి. కిటికీ పక్క మంచం మీద, ముక్కుకు ప్రాణవాయువు గొట్టంతో, దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. గొట్టం ఉంది గనుక దీపం వెలిగించరాదు. పువ్వులు, అక్షతలతోనే అర్చన మొదలైంది. సంకల్పంలో "పెకాన్ నదీతీరే" అన్నచోట మంచం మీది చెయ్యి పైకి లేచింది.

"ఆగండాగండి పంతులుగారూ. ఆరేళ్ల బట్టీ వింటున్నాను ఈ పెకాన్ నది. ఎప్పుడన్నా చూశారా?"

"లేదండీ. యంత్రంలో ఉంది."

"మా ఆఫీసు మ్యాపుల్లోనూ బోలెడు కాలువలుండేవి. వెళ్లి చూస్తే కందిచేలు!" నవ్వబోయి దగ్గాడు.

హాసిని కల్పించుకుంది. "నాన్నా, ఫెన్స్ వెనకాల ఏం లేదు. డెవలపర్ అంతా లెవెల్ చేసి టెన్నిస్ కోర్ట్ కట్టేశాడు. పంతులుగారూ, మీ మ్యాప్ అప్‌డేట్ అయి ఎన్నాళ్లైంది?"

"తొమ్మిదేళ్లమ్మా. ఆ కంపెనీ వాళ్లే ఆపేశారు."

"మరి! ప్లీజ్, ఆయన్ని ఎక్సైట్ చేయకండి."

"నువ్వుండవే," అన్నాడు విశ్వనాథం. "బతుకంతా నీళ్ల ఒడ్డునే గడిచింది. ఇప్పుడు పోయేది నీళ్ల ఒడ్డునా, టెన్నిస్ కోర్టు ఒడ్డునా? తెలియకపోతే ఎలా? పంతులుగారూ, ఒక్కసారి చూసి రండి. మీరొచ్చేదాకా నేనెక్కడికీ పోనులెండి."

పరంధామయ్య అక్షతలు పళ్లెంలో పెట్టి లేచాడు. ఈ ఇంట్లో ఆరేళ్ల వ్రతాలు, ఈయన భార్య సంవత్సరీకం, అన్నీ ఆ పేరుతోనే చేయించాడు. అక్కడ వాగు లేకపోతే తాను దేవుడితో ఆడినదంతా అబద్ధం. ఆ భయం ఒకపక్క; దాన్ని తోసుకుంటూ, పాఠశాలలో అణిగిపోయిన ప్రశ్న మరోపక్క.

కారు దగ్గరకు వెళ్లి అద్దం మీంచి యంత్రాన్ని ఊడబెరికాడు. కారు కరెంటు తీగ లేకపోతే అది పది నిమిషాలకు మించి బతకదు. పంచె ఎగగట్టి, దాన్ని రెండు చేతులా పట్టుకుని ఇంటి వెనుకకు నడిచాడు. తెర మీద తానైన చిన్న బాణం నీలిగీత వైపు కదిలింది, గీతలో అడుగుపెట్టింది. కాళ్లకింద ఆకుపచ్చ రంగు వేసిన సిమెంటు. బంతాట ఆడుతున్న దంపతులు ఆట ఆపి, విభూతిరేఖల మనిషిని వింతగా చూసి, చెయ్యి ఊపారు. ఆయనా ఊపాడు. బాణం వాగు నడుమ నిలబడి ఉంది. ఆయన పాదాలు పొడిగా ఉన్నాయి.

గీత వెంబడే సాగాడు. కార్లు నిలిపే చోటు దాటాక నేలలో ఒక ఇనుప జల్లెడ మూత. వంగి చెవి ఆనించాడు. ఎక్కడో లోతున గలగల. కాలే ఎండలో ఆయనకు చలి పుట్టినట్టయింది. లేచి దాదాపు పరుగెత్తాడు. రోడ్డు అవతల గట్టు దిగువన గొట్టపు నోరు, అందులోంచి ఎర్రమట్టి కలిపిన నీరు రాళ్లమీదికి జారుతూ, రెల్లుపొదల్లోకి వంపు తిరుగుతూ పోతోంది. ఒడ్డున ఒంటికాలి మీద తెల్లకొంగ. చేతిలో తెర నల్లబడింది. ఇక దానితో పని లేదు. చెత్తబుట్ట పక్కన దొరికిన ప్లాస్టిక్ సీసాను ఆ నీటితోనే రెండుసార్లు కడిగి, నింపాడు.

తిరిగి వచ్చేసరికి ఆయన పంచె అంచులు బురద. విశ్వనాథం సీసాను రెండు చేతులా అందుకుని కిటికీ వెలుగుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు.

"బంకమట్టి. ప్రవాహం లేకపోతే ఇంత మట్టి లేవదు. వెడల్పెంత?"

"రెండు బారలుండదండీ. కింద గొట్టంలోంచి మళ్లించారు. మీ గోడ వెనకాలే, నేల అడుగున నడుస్తోంది."

"అడుగు తూమన్నమాట," సంబరంగా అన్నాడు. "చూశావుటే హాసినీ? పూడ్చలేదు. మళ్లించారంతే."

"చూశాను నాన్నా." ఆమె సీసా తీసుకుని కిటికీ గట్టు మీద, ఆయనకు కనిపించేలా పెట్టింది.

"ఇప్పుడు చెప్పండి పంతులుగారూ, మొదట్నించీ."

పరంధామయ్య చెప్పాడు. తను కళ్లారా చూసిన దాన్ని చెబుతున్నాడు గనుక, ఆ పేరు దగ్గర గొంతు తనంతట తానే నెమ్మదించింది. గోత్రం వచ్చినచోట విశ్వనాథం తనే అందుకుని తన పేరు చెప్పుకుని, కళ్లు మూసుకున్నాడు. నూటెనిమిది నామాలూ అయ్యాయి.

"చెయ్యి పట్టండి," అని పరంధామయ్య అక్షతలు ఆ అరచేతిలో ఉంచాడు. వేళ్లు ముడుచుకోలేదు. బియ్యపు గింజలు ఒకటొకటిగా దుప్పటి మీదికి జారాయి. హాసిని తండ్రి మణికట్టు పట్టుకుని నాడి చూసింది, చాలాసేపు వదల్లేదు. తర్వాత ప్రాణవాయువు యంత్రం మీట నొక్కింది. గదిలో హోరు ఆగిపోయింది.

కిటికీ గట్టు మీది సీసాలో మట్టి అడుగుకు దిగి, పైనున్న నీరు తేటపడుతోంది.