పర్వతాలు చెవుల్లో లారీ

రోజూ పొద్దున్నే డ్రైవర్ పర్వతాలు కారు స్టార్ట్ చేశాడంటే ఆ వీధిలో పాలు తాగే పిల్లలు పాలు వదిలేసి ఏడుపు అందుకునేవాళ్లు. మహబూబ్‌నగర్‌లో చీరల దుకాణం ఉన్న వెంకటరాజం కారు అది. బూడిద రంగు, నాలుగు తలుపులు. లోపల నలుగురు కూర్చుంటే ఎనిమిది మోకాళ్లూ ఒరుసుకునేవి. ఎన్ని చేతులు మారి వచ్చిందో గాని దాని ఒంట్లో కదలని రేకు లేదు. వారానికి రెండుసార్లు ఆత్మకూర్, అమరచింత మగ్గాల మీది చీరలు తేవడానికి దుమ్ము రోడ్డు మీద పోయేటప్పుడు లోపలున్నవాళ్లు ఒకరితో ఒకరు అరుచుకోవలసిందే.

వెంకటరాజం అరవగలడు. ముప్పై ఏళ్లు బేరాలాడిన గొంతు. ఆయన భార్య ఆండాళుకు మాత్రం దేవుడు పిచ్చుకంత గొంతు ఇచ్చి ఊరుకున్నాడు. అందుకని ఆవిడ కారెక్కితే మళ్లీ దిగేదాకా నోరు విప్పేది కాదు.

ఈ గోల ఒక్క మనిషిని మాత్రం కాపాడుతూ వచ్చింది. ఆ మనిషి డ్రైవర్ పర్వతాలే. ఆయనకు చెవులు సరిగ్గా వినబడవు.

పుట్టు చెవుడు కాదు. ఈ కారుకు రాకముందు పద్నాలుగేళ్లు జడ్చర్ల నుంచి కర్నూలుకు పల్లికాయ బస్తాల లారీ తోలాడు. లారీ దిగి తొమ్మిదేళ్లయింది గాని లారీ మాత్రం ఆయన చెవుల్లోంచి దిగలేదు. తింటున్నా పడుకున్నా ఆ ఇంజను లోపల నడుస్తూనే ఉంటుంది. బయటి మాటలన్నీ దాని కింద పడి నలిగిపోతాయి. అరిస్తే వినబడుతుంది. ఎదుటి మనిషి ముఖం కనబడితే పెదవులను బట్టి మాట తెలుస్తుంది. అందరూ అరిచే కారులో చెవిటి డ్రైవర్‌ను ఎవరు కనిపెడతారు? తొమ్మిదేళ్లుగా ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టిన రోజున నౌకరీ పోతుందనీ, మళ్లీ జన్మలో స్టీరింగు పట్టేది ఉండదనీ ఆయనకు తెలుసు. స్టీరింగు తప్ప ఆయనకు ఇంకో పని రాదు. ఇంకో పని మీద మనసూ లేదు.

నయాపైసలు వచ్చి అయిదేళ్లయిన ఆ ఏడు వెంకటరాజానికి రేడియో పిచ్చి పట్టింది. కారుతోపాటు వచ్చిన పాత రేడియో ఒకటుండేది గాని, అందులో ఎవరు మాట్లాడినా కుండలో పడ్డ తుమ్మెద మాట్లాడినట్టే ఉండేది. దాన్ని పీకించి హైదరాబాద్ నుంచి కొత్తది తెప్పించాడు. అయిదు మీటలు, పచ్చటి దీపం, ముందొక స్పీకరు, వెనక సీటు మీది చెక్కకు ఇంకో పెద్ద స్పీకరు. మెకానిక్ రెండు రోజులు కారులో దూరి బిగించాడు. కారు నిలబడి ఉన్నంతసేపూ పాట అమృతం. ఇంజను పెట్టగానే పాడేది ఆడమనిషో మగమనిషో కూడా తెలియలేదు.

"స్పీకర్లు ఎన్ని పెట్టినా గింతే సేటు," అన్నాడు మెకానిక్. "ముందు బండి లోపలి సప్పుడు తగ్గాలె. తలుపులకు, నేలకు, పైకప్పుకు ఉన్ని పరిపియ్యి."

కారు ఆగి ఉంది కాబట్టి ఆండాళు మాట పర్వతాలుకు తప్ప అందరికీ వినబడింది. "మన పర్వతాలు ఇంట్ల గోపమ్మ లేదా? ఇంకెక్కడికో ఎందుకు పోవుడు?"

అవును కదా, ఎంతసేపూ గుర్తుకే రాలేదే అనుకున్నారు అందరూ. పర్వతాలు భార్య గోపమ్మ వడికిన ఉన్ని చప్పుడును మింగుతుందని ఆత్మకూర్ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. ఆమె వడికితే ఆమె అన్న మల్లప్ప గొంగడి నేస్తాడు. ఆ గొంగడి కప్పుకుని పొలంలో మంద కాడ పడుకున్న గొర్లకాపరికి పిడుగు పడ్డా వినబడదు. గొర్రెపిల్ల దగ్గితే మాత్రం లేచి కూర్చుంటాడు. పనికిరాని చప్పుడును తింటుంది, పనికొచ్చేదాన్ని వదిలేస్తుంది. అదెట్లా అని ఎవరూ అడగలేదు. ఒకరి చేతి పప్పు రుచిగా ఉంటుంది, ఒకరి చేతి ఉన్ని ఇట్లా ఉంటుంది, అంతే.

మరి ఇంట్లో అలాంటి గొంగడి పెట్టుకుని పర్వతాలు ఎందుకు కప్పుకోలేదంటారా? పెరటి చెట్టు మందుకు పనికిరాదు. ఖాకీ చొక్కా తొడిగిన రోజునుంచీ ఆయన గొంగడి ముట్టలేదు. గొర్లు కాసేవాళ్ల గుడ్డ డ్రైవరు భుజం మీద ఎందుకని ఆయన బిగువు. ప్రతి చలికాలం గోపమ్మ తెచ్చి ఇచ్చేది, ప్రతి చలికాలం ఈయన టౌనులో కొన్న మిల్లు దుప్పటి కిందే వణికేవాడు.

వెంకటరాజం ఆరు గొంగళ్లు నేయించమని చెప్పాడు. పర్వతాలు జరగబోయేది లెక్కేసుకున్నాడు. కారు నిశ్శబ్దమైతే అందరూ మామూలుగా మాట్లాడతారు. ఆండాళు కూడా మాట్లాడుతుంది. వెనకనుంచి "ఎడమకు తిప్పు" అంటే తను కుడికి తిప్పుతాడు. తన నౌకరీ తీసే ఉన్నిని తన ఇంట్లోనే, తన పెండ్లామే కూర్చుని వడుకుతోంది!

ఆలోచించి ఆలోచించి ఒక దొంగ దారి పట్టాడు. గొంగడి నేశాక చింతగింజల గంజి పట్టించడం ఆనవాయితీ. గంజి లేకపోతే గొంగడి నిలబడదు. పలచగా, ఒకే ఒక్క పూత. పర్వతాలు మల్లప్ప దగ్గరికి పోయి, "బావా, కారుకు గట్టిగుండాలెనట. నాలుగు పూతలు పెట్టు," అన్నాడు.

"నాలుగా? గొంగడా, తలుపు చెక్కనా?"

"సేటు చెప్పిండు. నాకేం తెలుసు?"

సేటు పేరు వినగానే మల్లప్ప కుంచె ముంచాడు. గొంగళ్లు ఎండి అట్టల్లా బిర్రబిగిసిపోయాయి. వాటిని తలుపుల వెనకా, కాళ్ల కిందా, పైకప్పుకూ గోనెసూదితో కుట్టి బిగించారు. కారు కదిలింది. ఇదివరకు గోల మాత్రమే చేసేది, ఇప్పుడు డప్పు కొట్టడం మొదలుపెట్టింది. ఆండాళు రెండు చెవులూ మూసుకుంది. వెంకటరాజం దిగి, దుమ్ము దులుపుకుని, బజారులో పదిమంది ముందు అననే అన్నాడు. "గోపమ్మ చేతిల మహిమ అయిపోయినట్టుంది."

మాట అన్న నోరు ఊరుకుంటుంది గాని విన్న చెవి ఊరుకోదు. వారం తిరక్కముందే ఆ మాట ఆత్మకూర్ పక్కన గోపమ్మ ఉండే పల్లె చేరింది. పసిపిల్ల ఉయ్యాలకని గొంగడి అడిగి తీసుకుపోయిన బీరమ్మ దాన్ని మడిచి తిరిగి పంపింది. మంద తోలుకుపోయే ముందు ఏటా నాలుగు గొంగళ్లు నేయించుకునే గుర్వయ్య ఈసారి వేరే ఊరికి పోయాడు. ఆదివారం ఇంటికి వచ్చిన పర్వతాలుకు గోపమ్మ వసారాలో కదురు ముందు కనబడింది. కదురు తిరగడం లేదు. ఆమె రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, ఎవరి చేతులో చూసినట్టు చూస్తోంది.

నౌకరీ కోసం చేసిన పని పోయి పోయి ఆమె చేతుల మీద పడింది. మర్నాడే పోయి, "సేటు, వారం దినాలు టైమియ్యి. గొంగళ్లు సరిజేసి తెస్త," అని సెలవడిగి, కారును పల్లెకు తోలుకొచ్చాడు. గొంగళ్లన్నీ ఊడదీసి నెత్తిన పెట్టుకుని, గోపమ్మను వెంటబెట్టుకుని వాగుకు పోయాడు.

మోపు దించి నిలబడి చెప్పాడు. "నూలు తప్పు కాదు. గంజి నేనే పెట్టించిన."

గోపమ్మ ఒక గొంగడిని నీళ్లలో ముంచి, లేచి ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. "తెలుసు. మా అన్న సొంతంగ గింత మందం పెట్టడు."

"ఎందుకు పెట్టించిన్నో తెలుసా?"

"నీకు ఇనబడదని సేటుకు తెల్వొద్దని."

పర్వతాలు చేతిలోని గొంగడి జారి నీళ్లలో పడింది. "నీకెట్ల తెలుసు?"

"తొమ్మిదేండ్ల సంది ఏం చెప్పాలన్నా నీ ముంగటికొచ్చి, నీ మొకం దిక్కు సూసి చెప్తున్న. పొయ్యి మీద కూర మాడినా లేసి వస్తున్న. కాళ్లు ఊకుంటలేవని తిరుగుతున్ననా?"

అవును, ఈమె ఎప్పుడూ ఎదురుగా వచ్చే మాట్లాడుతుంది. అది ఆమె అలవాటనుకున్నాడు. తన గుట్టును తనకంటే భద్రంగా దాచిందని ఒక్కనాడూ తట్టలేదు. సిగ్గుతో, ఆ సిగ్గుకంటే ఎక్కువగా కృతజ్ఞతతో ఆయన తల వంచుకున్నాడు. మళ్లీ వెంటనే ఎత్తాడు. తల వంచితే ఆమె పెదవులు కనబడవు మరి.

"ఇవి మంచిగ కుడితే నా నౌకరి పోతది, గోపమ్మా."

"నౌకరి పోతే గొర్లున్నయి. నా చేతి పేరు పోతే నాకేమున్నది?"

ఇద్దరూ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి గొంగళ్లను బండకేసి బాదారు. గంజి బియ్యపు కడుగులా తెల్లగా కొట్టుకుపోయింది. రెండు రోజులు ఎండబెట్టారు. మెత్తబడ్డ గొంగళ్లను మూడో రోజు గోపమ్మే కూర్చుని కారుకు కుట్టింది, మూలమూలనా, సందు వదలకుండా. సేటుకు తనే చూపిస్తానని వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. తాళంచెవి సేటు చేతిలో పెట్టి నిజం చెప్పి రావాలని పర్వతాలు మనసులో నిశ్చయం చేసుకుని బండి తీశాడు.

ఊరు దాటాక తలుపుల మోత ఆగింది. కాసేపటికి నేల మోత ఆగింది. తర్వాత ఇంజను, సెలవు తీసుకుని పోయే చుట్టంలా, దూరం జరిగి జరిగి లేకుండా పోయింది. ఇంతవరకూ గోపమ్మ ఉన్ని చేస్తుందని అందరికీ తెలిసిందే.

దేవరకద్ర ఇవతల పర్వతాలు చెవుల్లో లారీ గేరు మార్చింది. ఎత్తు ఎక్కి దిగుతున్నట్టు వేగం తగ్గింది. ఇంకా తగ్గింది. పద్నాలుగేళ్లు తోలి తొమ్మిదేళ్లు మోసిన ఆ లారీ, ఒక్క కుదుపు కూడా లేకుండా ఆగిపోయింది. ముందు తన ఊపిరి వినబడింది. తర్వాత గాజుల చప్పుడు. ఆ తర్వాత వెనకనుంచి ఒక ఆడమనిషి గొంతు.

"జర నెమ్మదిగ పో. గా దుమ్ముల గొర్ల మంద వస్తాంది."

పర్వతాలు బ్రేకు మీద కాలేశాడు. దుమ్ములోంచి గొర్లు బయటికొచ్చి కారుకు రెండు పక్కలా పాయలుగా చీలిపోసాగాయి. ఆయన వెనక్కి తిరగలేదు.

"ఏమన్నవ్?"

"గొర్లొస్తున్నయన్న." అని ఆగి, గోపమ్మ నిటారుగా కూర్చుంది. మరిచిపోయి తను ఆయన వీపుతో మాట్లాడింది. ఆయన జవాబిచ్చాడు.

"మల్ల అను."

"గొర్లు," అంది ఆమె, మెల్లగా. "గొర్లొస్తున్నయి."

"నీ గొంతు గిట్లెప్పుడైంది?"

"ఎట్లైంది?"

"మీ అమ్మ గొంతు లెక్కైంది."

"తొమ్మిదేండ్లాయె. గొంతుకు ముసలితనం రాదా?" అంది గోపమ్మ. నవ్వబోయింది గాని నవ్వు రాలేదు.

ఇన్నేళ్లూ ఆమె పెదవులు కదిలినప్పుడల్లా పర్వతాలుకు లోపల వినబడింది పాత గొంతే. మంద అంతా దాటిపోయింది. ఆయన ఇంకా బండి కదిలించలేదు. స్టీరింగు మీద నుదురు ఆనించి, నలభై అయిదేళ్ల మనిషి, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపును మాత్రం ఉన్ని మింగలేదు.

దుకాణం ముందు కారు ఆపి దిగగానే లారీ మళ్లీ చెవుల్లో స్టార్టయింది. అయినా అనుకున్నది చెప్పేశాడు. "సేటు, తొమ్మిదేండ్ల సంది నాకు చెవులు ఇనబడవు. గీ కారు లోపల కూసుంటే ఇనబడతయి, దిగితే ఇనబడవు. అప్పుడు గంజి కూడ నేనే పెట్టించిన. గోపమ్మ నూలుకు ఏం తక్కువ లేదు." తాళంచెవి తీసి గద్దె మీద పెట్టాడు.

వెంకటరాజం ఆయన్నూ తాళంచెవినీ మార్చి మార్చి చూశాడు. ఈలోగా ఆండాళు పోయి కారులో గోపమ్మ పక్కన కూర్చుని ఏదో అంది. బయట ఉన్న పర్వతాలుకు వినబడలేదు. వెంకటరాజం తాళంచెవి అందుకుని, ఆయన్ను భుజం పట్టుకుని తీసుకుపోయి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుని తలుపు వేశాడు. ఇంజను పెట్టించాడు.

వెనకనుంచి పిచ్చుకంత గొంతుతో ఆండాళు అంది. "పర్వతాలూ, గోపమ్మ పొద్దటి సంది ఏం తినలేదట. రొట్టె పెడత, తిన్నంక ఇంటి కాడ దింపి రా."

"మంచిదమ్మా," అన్నాడు పర్వతాలు. తొమ్మిదేళ్ల నౌకరీలో ఆవిడ గొంతు వినడం అదే మొదలు.

వెంకటరాజం చాలాసేపు ముందు అద్దంలోంచి బజారును చూశాడు. బండ్లు, మనుషులు, కుక్కలు, అన్నీ చప్పుడు లేకుండా పోతున్నాయి. చివరికి తాళంచెవి సంగతి తేల్చేశాడు.

"కారు బయట నీతోని నాకేం పని?"

బజారులో అన్న మాటకు బజారులోనే బదులు కావాలని ఆండాళు పట్టుబట్టింది. ఆ మధ్యాహ్నం వెంకటరాజం పదిమందిని ఒకరి తర్వాత ఒకరిని కారులో కూర్చోబెట్టి, ఇంజను నడుస్తుండగా రేడియో వినిపించి, ఇది గోపమ్మ చేతి ఉన్ని అని చెప్పి పంపాడు. ఇద్దరు అక్కడికక్కడే తమకూ గొంగళ్లు కావాలని చెప్పుకున్నారు.

సాయంత్రం ఇద్దరూ పల్లెకు బయలుదేరారు. రేడియోలో ఎవరో పాడుతున్నారు. రెండు స్పీకర్లలోనూ గొంతు, దాని వెనక వీణ, ఏ తీగ ఎక్కడ మీటారో తెలిసేంత తేటగా ఉంది. ఊరి పొలిమేర దాటగానే పర్వతాలు చెయ్యి చాచి దాన్ని బంద్ చేశాడు.

"ఎందుకు బంద్ జేసినవ్? మంచిగుంది గద?"

"నువ్వు చెప్పు."

"ఏం చెప్పాలె?"

"ఏదన్నా చెప్పు. నువ్వు ముంగటికి రావొద్దు. గాడనే ఆనుకోని కూసోని చెప్పు."

గోపమ్మ కాళ్లు ముడుచుకుని సీటుకు ఆనుకుంది. తొమ్మిదేళ్ల అలవాటు వదిలి, ఆయన ముఖం వెతుక్కోకుండా, మాట్లాడటం మొదలుపెట్టింది.