ఏరియల్ పట్టుకున్నవాడి పాట

అన్నయ్య ఆ పాట విన్నాడా, వినలేదా? పరదాలమ్మ మనసులో ఈ అనుమానం ఏళ్ళ తరబడి ఉండిపోయింది. ఆమెకు పెళ్ళయింది, కూతురు పుట్టింది, ఆ కూతురు చదువు ముగించి ఉద్యోగంలో కూడా చేరింది. అనుమానం మాత్రం ఉన్నచోటే ఉంది.

సంగతేమిటంటే, చిన్నప్పుడు వాళ్ళింట్లో ఒక రేడియో ఉండేది. దాని ఏరియల్ ఎప్పుడో విరిగిపోతే ఆ మొండికి రాగి తీగ చుట్టి, కిటికీలోంచి వరండాలోకి లాగారు. ఎవరో ఒకరు ఆ తీగ కొస పట్టుకుని చెయ్యి పైకెత్తి నిలబడితేనే స్టేషను పలికేది. వదిలేస్తే గరగర. రోజూ సాయంత్రం వార్తలకు ముందు ఒకావిడ ప్రార్థన పాట పాడేది. ఆవిడ పేరేమిటో కూడా ఎవరికీ తెలియదు. ఆ పాటంటే పరదాలమ్మకు ప్రాణం.

"నువ్వు విను పిచ్చుకా, నేను పట్టుకుంటా" అని అన్నయ్య వరండాలోకి నడిచేవాడు.

"రేపు నువ్వు విను, నేను పట్టుకుంటా. ఒక పాట బాకీ రాసుకో అన్నయ్యా" అనేది ఈమె.

ఆ రేపు రానేలేదు. ఈమె పొట్టిది. మునివేళ్ళ మీద నిలబడినా తీగ కావలసినంత ఎత్తుకు వెళ్ళేది కాదు. తర్వాత రేడియో మూలబడింది, ఆ పాట ప్రసారమూ ఆగిపోయింది. రికార్డుగానూ ఎక్కడా రాలేదు. కానీ అన్నాచెల్లెళ్ళ ఇళ్ళలో ఈనాటికీ ప్రార్థన వేళ ఆ పాటే పాడతారు. "నీకు వరండాలోకి వినపడేదా?" అని ఎన్నిసార్లు అడిగినా, "ఎందుకు వినపడదే? బ్రహ్మాండంగా వినపడేది" అంటాడు అన్నయ్య. అతను అబద్ధమాడేటప్పుడే బ్రహ్మాండం అంటాడని ఆమెకు తెలుసు.

ఇలా ఉండగా రేడియో స్టేషను వాళ్ళు పాత టేపులు శుభ్రం చేయించి డిస్కులుగా తెచ్చారు. అందులో ఆ పాట ఉందని కూతురు కనిపెట్టి తెప్పించింది. పరదాలమ్మ ఆనందానికి హద్దుల్లేవు. అయితే అదే నెలలో ఇంకో కబురు కూడా వచ్చింది. అన్నయ్య జనరేటర్ల మెకానిక్కు. జీవితమంతా ఆ మోతలోనే గడిపాడు. చెవుల డాక్టరు చూసి, "శబ్దం తెలుస్తుంది కానీ, మాటకు మాట విడివిడిగా తెలియడం తగ్గుతోంది. ముందు ముందు ఇంకా తగ్గుతుంది" అన్నాడట.

అంటే ఈ ఏడాది విన్నట్టు వచ్చే ఏడాది వినలేడు. ఆ మాట ఆమె గుండెలో ముల్లులా గుచ్చుకుంది. ఇంట్లో స్పీకర్లున్నాయి, డిస్కులు వేసే ప్లేయరుంది. ఉన్న ఆంప్లిఫయరే నాసిరకం. గట్టిగా పెడితే మాటలన్నీ తడిసిన కాగితాల్లా ఒకదానికొకటి అంటుకుపోతాయి. చెవులు బాగున్నవాళ్ళకే అర్థం కానిది అన్నయ్యకేం అర్థమవుతుంది?

ఆమె పరదాలు కుట్టే మనిషి. వీధిలో ఆ పేరు అలా వచ్చిందే. ఆ మధ్య ఒక నాటకశాలకు పెద్ద తెర కుట్టిన సొమ్ము చేతిలో ఉంది. దానితో మంచి ఆంప్లిఫయర్ కొంటానంది. బస్సు డిపోలో టైమ్‌కీపరు ఉద్యోగం చేసే ఆమె భర్త నోరు వెళ్ళబెట్టాడు.

"అంత డబ్బు పెట్టి బంగారం కొనుక్కోవచ్చు కదే!"

"బంగారం పాడుతుందాండీ?"



గురువారం మధ్యాహ్నం పెట్టె వచ్చింది. షాపు నుంచి వచ్చిన టెక్నీషియనూ, భర్తా చెరో పక్క పట్టుకుని మెట్లెక్కేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి.

"పాటలతో పాటు పాడేవాళ్ళని కూడా ఇందులోనే పెట్టి పంపారేంటయ్యా?" అన్నాడు భర్త ఆయాసపడుతూ.

పెట్టెలో ఇంకో పెట్టె. దానిలో మెత్తటి గుడ్డసంచి. సంచి విప్పితే వెండిరంగు లోహపు దిమ్మ. ముందు పలక ఆమె వేలు మందం ఉంది. రెండు కిటికీల్లాంటి గాజు పలకల వెనక రెండు సూదులు. నడుమ శబ్దం పెంచే మీట. దాన్ని తిప్పి చూసింది. నూనె పెట్టిన కుట్టుమిషను చక్రంలా, బరువుగా, నున్నగా, చప్పుడు లేకుండా తిరిగింది. ఊరికే ఇంకో రెండుసార్లు తిప్పింది.

టెక్నీషియన్ వైర్లన్నీ బిగించి నిలబడగానే పరదాలమ్మ లోపలికెళ్ళి, కుచ్చులు పెట్టిన మఖమలు ముసుగు తెచ్చింది. కొలతలు ముందే షాపుకు ఫోన్ చేసి కనుక్కుని కుట్టింది. ఆ ఇంట్లో మిక్సీకి ముసుగుంది, టీవీకి ముసుగుంది, కుట్టుమిషన్లకు సరేసరి. దాన్ని చూడగానే టెక్నీషియన్ రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"అమ్మా, వద్దు! ఇది వేడెక్కే జాతి. ముసుగేస్తే ఊపిరాడక చస్తుంది. పైన జానెడు జాగా ఖాళీగా ఉండాలి."

"మరి దుమ్ము?"

"దుమ్ము తుడుచుకోవచ్చమ్మా. కాలిపోతే తుడుచుకునేందుకు కూడా ఏం మిగలదు."

"అమ్మ ఇంట్లో గొడుక్కి కూడా గొడుగుంటుంది. దీనికి మాత్రం ముసుగు లేదా!" అని కూతురు పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ ముసుగును దిండుకు తొడుగుతానని పట్టుకుపోయింది కూడా.

సాయంత్రం మొదటిసారి డిస్కు పెట్టారు. ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న పాత కచేరీ అది. మీట కొంచెం తిప్పారు. సూదులు కదిలాయి. గొంతుకు ముందు గాలి వినిపించింది. పాడే ఆయన ఊపిరి పీల్చిన చప్పుడు! తర్వాత తంత్రి మీద వేలు జారిన చప్పుడు. గొంతు స్పీకర్లలోంచి రావడం లేదు. రెంటికీ మధ్య, ఖాళీ గోడ దగ్గర, మనిషి కూర్చుని పాడుతున్నట్టే ఉంది. పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దం ఉతికి ఆరేసిన బట్టలా ఉంది.

ఉన్నట్టుండి భర్త గుమ్మం వైపు తిరిగాడు.

"ఎవరో వచ్చారే, దగ్గుతున్నారు."

"అది డిస్కులో దగ్గు నాన్నా!"

ముగ్గురూ వెనక్కి తిప్పి మళ్ళీ విన్నారు. నిజమే. కచేరీలో ముందు వరసలో ఎవరో పెద్దాయన దగ్గాడు.

"ఇన్నేళ్ళనుంచీ దగ్గుతూనే ఉన్నాడన్నమాట పాపం! మనమే పట్టించుకోలేదు" అన్నాడు భర్త.

తనకు ఈ పాటల పిచ్చి లేదని ఆయన ఎప్పుడూ చెప్పుకుంటాడు. ఆ రాత్రి భోజనమయ్యాక, "ఐదు నిమిషాలు కూర్చుంటాలే" అని వచ్చి, టైమ్‌కీపరై ఉండి కూడా గడియారం చూడటం మరిచిపోయాడు.

పరదాలమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. కుట్టాల్సిన పరదాలు బల్ల మీద అలాగే ఉన్నాయి. ఇంట్లో ఉన్న డిస్కులన్నీ ఒక్కొక్కటే మళ్ళీ పుట్టినట్టు వినిపిస్తున్నాయి. మర్నాడు పొద్దున ప్రార్థనకు కూర్చుని కళ్ళు మూసుకుంటే దేవుడికి బదులు ఆ రెండు సూదులు కనిపించాయి. గబుక్కున లెంపలేసుకుంది. ఆ తర్వాత ఆలోచనలో పడింది. ఇందులో తప్పేముంది? రాగికీ ఇనుముకీ ఇంత గొంతు పెట్టినవాడు, ఆ గొంతు విన్నందుకు కోప్పడతాడా? ఏమో, అడిగితే చెప్పేవాడు కాదు. ఆయన పలకకపోవడమే ఒప్పుకున్నట్టని సర్దుకుని లేచింది.

కానీ ఆ ప్రార్థన పాట డిస్కు మాత్రం కవరు కూడా విప్పలేదు. ఆదివారం అన్నయ్య వస్తాడు. ముందు అతను వినాలి.

"ఒక్కసారి వేసి చూడవే, అసలు పలుకుతుందో లేదో" అన్నాడు భర్త.

"అన్నయ్య విన్నాకే."

"అన్నీ వండి వడ్డించనట్టుంది నీ వ్యవహారం!"

ఆదివారం అన్నయ్య వచ్చాడు. చొక్కా జేబులో ఎప్పటిలాగే స్క్రూడ్రైవరుంది. మంచినీళ్ళు కూడా తాగకుండా తిన్నగా ఆంప్లిఫయర్ దగ్గరికి వెళ్ళి మీద చెయ్యి పెట్టాడు.

"ఇదేంటే, కాలిపోతోంది! ఫ్యాను లేదా దీనికి? ఉండు, మూత విప్పి చూద్దాం."

"దాని స్వభావమే అంత. అన్నయ్యా, స్క్రూడ్రైవర్ ఇటివ్వు."

"అది లేకపోతే నేను ఓ పక్కకి వాలిపోతానే!"

"ఇచ్చెయ్ బావా" అన్నాడు భర్త. "మూడు రోజుల్నుంచి నేను కూడా దూరం నుంచే దండం పెడుతున్నా. ఆవిడ నన్నే ముట్టుకోనివ్వడం లేదు, నిన్ను విప్పనిస్తుందా?"

స్క్రూడ్రైవర్ తీసుకుని, రెండు స్పీకర్లకూ ఎదురుగా ఉన్న కుర్చీలో అన్నయ్యను కూర్చోబెట్టింది. డిస్కు పెట్టింది. సన్నగా శ్రుతి మొదలైంది. ఇంకా పల్లవే రాలేదు, "బాగుంది, బాగుంది. వినపడుతోంది" అంటూ అన్నయ్య లేచి స్పీకరు వెనక వైర్లు చూడటానికి వెళ్ళాడు. ఆమె ఆపింది. మళ్ళీ కూర్చోబెట్టింది. మళ్ళీ వేసింది. ఈసారి లేచి కిటికీ దగ్గరికెళ్ళి, "ఆ పక్కింటి మోటారు బేరింగు పోయింది, చెప్పండి వాళ్ళకి" అన్నాడు.

వంటింటి గుమ్మం దగ్గర భర్త మెల్లిగా, "వినపడకే లేస్తున్నాడేమోనే" అన్నాడు.

పరదాలమ్మకూ అదే భయం పట్టుకుంది. ఆలస్యమైపోయిందా? ఇంత బరువు మోయించి, ఇంత ఆశపడి, చివరికి అన్నయ్య చెవుల దాకా పాట చేరదా? దూరం నుంచి అన్నయ్య ముఖం చూసింది. కిటికీలోంచి బయటికి చూస్తున్న ఆ ముఖంలో పరీక్ష గదిలో పిల్లాడి బెదురుంది. అప్పుడు అర్థమైంది ఆమెకు. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చినప్పటి నుంచీ ఇంటా బయటా అందరూ అతన్ని అడిగేది ఒకటే మాట. వినపడిందా? ఇప్పుడు వినపడిందా? పాట అయ్యాక ఈమె కూడా అదే అడుగుతుందని భయం. అందుకే ముందే జవాబు చెప్పేసి లేచిపోతున్నాడు.

దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"అన్నయ్యా, నేనేం అడగను. ఎలా ఉందని గానీ, వినపడిందా అని గానీ ఎవ్వరం అడగం. నువ్వేం చెప్పక్కర్లేదు. ఊరికే కూర్చో."

"అడగరా?"

"మేం ఎందుకడుగుతాం బావా? అడిగితే కరెంటు బిల్లు నీకిస్తాం" అన్నాడు భర్త.

అన్నయ్య నవ్వి వచ్చి కూర్చున్నాడు. వీపు కుర్చీకి ఆనించాడు. ఆమె మీట ఇంకొంచెం తిప్పి, అతని వెనక నిలబడింది.

శ్రుతి. ఊపిరి. ఆ తర్వాత ఆవిడ గొంతు. ఏ గరగరా లేకుండా, ఎదురుగా కూర్చుని పాడుతున్నంత దగ్గరగా వచ్చింది. పరదాలమ్మకు కళ్ళు చెమర్చాయి. అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. మొదటి పాదానికి పెదవులు కదిపాడు. రెండో పాదానికి వేళ్ళతో మోకాలి మీద తాళం వేశాడు. మూడో పాదం దగ్గర చటుక్కున కళ్ళు తెరిచాడు.

"ఆపు, ఆపు! తప్పు పాడుతోందావిడ!"

పరదాలమ్మ గబుక్కున పాట ఆపింది.

"మూడో పాదం పైకెళ్ళాలి కదే! ఆవిడ కిందికి దింపేసింది." కుర్చీలోంచే గొంతెత్తి తనకు తెలిసినట్టు పాడి చూపించాడు. మూడో పాదం పైకి, ఇంకా పైకి, గాలిపటంలా లేచింది.

"మావయ్య పాడిందే కరెక్టు. అమ్మా, నువ్వూ అలాగేగా పాడతావు?" అంది కూతురు.

పరదాలమ్మ వెనక్కి తిప్పి మళ్ళీ వేసింది. సందేహం లేదు. ఆవిడ మూడో పాదాన్ని మెల్లిగా, ఒక్కొక్క మెట్టే దిగుతున్నట్టు కిందికి దింపింది. ఎంతో అందంగా ఉంది. ఆ పాదం అలా ఉంటుందని ఆమె జన్మలో ఎరగదు.

"అన్నయ్యా! అక్కడ రేడియోలో ఎప్పుడూ గరగరే వచ్చేది. ఆ ముక్క నాకు ఏ రోజూ దొరకలేదు. ఖాళీ ఎందుకని నేనే ఏదో అల్లుకుని పాడుకునేదాన్ని."

అన్నయ్య ఆమె వైపు వింతగా చూశాడు. తర్వాత తన కుడిచేతి వైపు చూసుకున్నాడు.

"కాసేపయ్యేసరికి చెయ్యి లాగేసేదే. ఎడం చేతికి మార్చుకునేవాణ్ణి. నీ గరగర అప్పుడొచ్చిందే అయ్యుంటుంది."

"అయితే నీకెలా తెలిసింది ఆ వరస?"

"ఎలా తెలుస్తుంది? వరండాలోకి రేడియో ఎక్కడ వినపడేది నా మొహం! వీధి గోలే గానీ. పాటయ్యాక నువ్వు పరుగెత్తుకొచ్చి నాకు పాడి వినిపించేదానివిగా. నాకు తెలిసిన పాట అదే."

ముందు కూతురు నవ్వింది. తర్వాత అందరికీ నవ్వు అంటుకుంది.

"అంటే ఇన్నేళ్ళూ రెండు కుటుంబాలూ కలిసి రోజూ దేవుడికి తప్పు పాటే పాడాయన్నమాట!" అని భర్త కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆయనేం ఫిర్యాదు చెయ్యలేదుగా" అంది పరదాలమ్మ. నవ్వుతూనే ఆమెకు ఇంకో సంగతి తట్టి ఒళ్ళు పులకరించింది. ఒక్క పాదం, ఒక్క స్వరం కిందికి దిగితే అన్నయ్య పట్టుకున్నాడు! తప్పు పట్టాడంటే పాటంతా విడివిడిగా, శుభ్రంగా చెవిన పడినట్టే కదా. ఇంక అడగవలసింది ఏముంది?

మళ్ళీ మొదటినుంచి వేసింది. ఈసారి ఎవరూ కదల్లేదు. అన్నయ్య రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మూడో పాదం కిందికి దిగుతున్నప్పుడు అతని తల కూడా దానితో పాటు మెల్లిగా వంగింది. చరణాలయ్యాయి. చివరి మాట సన్నగా సాగి, సాగి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది. సూదులు వాలాయి.

అన్నయ్య లేవలేదు. వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి చెల్లెలి చేతిని తట్టాడు.

"నీ బాకీ తీరిపోయిందే పిచ్చుకా" అన్నాడు.