గుడికి పొగ ఉండకూడదు

డోర్కస్ టఫ్లీ ఇల్లు వెనకనుంచి చూస్తే గుడిసె, ముందునుంచి చూస్తే గుడి.

పోయిన ఏడు లార్డ్ ఎంబర్లీ తన కొత్త భవంతి మెట్ల మీద నిలబడి లోయలోకి చూశాడు. ఆయన కంటికి ఈ గుడిసె అడ్డొచ్చింది. కూలగొట్టించి ఊరుకున్నా బాగుండేది, కానీ లడ్లమ్ వద్దన్నాడు. ఈ లడ్లమ్ రోములో తొమ్మిదేళ్లు తిరిగొచ్చిన వాస్తుశిల్పి. భవంతి గీసింది ఆయనే. అందులో బంగారు రేకు తాపిన బల్లలు గీసిందీ, ఆ బల్లల కాళ్లకు గద్దలూ గవ్వలూ దేవతల ముఖాలూ తగిలించిందీ ఆయనే. చివరికి కొండలూ చెట్లూ మనుషులూ కూడా ఆయన బల్లలకు నప్పాల్సి వచ్చింది. గుడిసె ముందు రోము గుళ్ల తీరులో నాలుగు స్తంభాలు నిలబెట్టించి, వాటి మీద ముక్కోణపు నెత్తి పెట్టించాడు. ఉన్న ఒక్క కిటికీ దాని వెనక్కి పోయింది. లోపల పగలే చీకటి. అదెవడికి పట్టింది?

ఆ స్తంభాలు రాతివి కావు, చెక్క మీద సున్నం. భవంతికి అసలైన రాతి స్తంభాలు చెక్కింది డోర్కస్ మొగుడు సైలస్. పదిహేడేళ్లు రాతి దుమ్ము మింగాడు. ఇప్పుడు మంచం పట్టి దగ్గుతున్నాడు, ఎంత దగ్గినా ఆ దుమ్ము బయటికి రాదు. నోరు మాత్రం పడిపోలేదు.

"ఏమే, రోములో గుళ్లలో ఉండే దేవతలు కూడా మనలాగే ఉల్లిపాయలు తింటారంటావా?"

"తినకపోతే నీలాగే మంచం పడతారు. నోరు మూసుకుని గంజి తాగు."

స్తంభాలతో పాటు ఒక హుకుం కూడా వచ్చింది. భవంతి కప్పు మీద ఎర్రజెండా లేచిందంటే అతిథులు మెట్ల మీదికి వస్తున్నారని గుర్తు. జెండా దిగేదాకా టఫ్లీల పొయ్యి ఆరిపోవాలి, తీగ మీది బట్టలు మాయమవ్వాలి. "గుడికి పొగ ఉండకూడదు" అని దివాను హాబ్డే ఖరాఖండిగా చెప్పాడు.

ఎండాకాలమంతా సరిపెట్టుకున్నారు. నవంబరులో మంచు పడింది. మందులిచ్చే ముసలమ్మ వచ్చి సైలస్ వీపు మీద చెవి ఆనించి విన్నది. "పొయ్యి ఆరనివ్వకు. నీళ్లు మరిగిస్తూ ఆ ఆవిరి పట్టించు. చలి తగిలిందో, వీడు నీకు దక్కడు" అంది. ఆ వారంలోనే జెండా మూడుసార్లు లేచింది. మూడుసార్లూ డోర్కస్ తన చేత్తోనే పొయ్యి మీద నీళ్లు చల్లింది. మూడోసారి సైలస్ పెదాలు నల్లబడ్డాయి.

ఆమె కొండెక్కి భవంతి వెనక గుమ్మం దగ్గర హాబ్డేను పట్టుకుంది.

"అయ్యా, మా ఆయన చచ్చిపోతున్నాడు. ఒక్క నెల పొయ్యి మండనివ్వండి."

"నాదేముంది డోర్కస్, నన్నడిగితే రోజంతా మండించుకోమంటాను. లడ్లమ్ గారు ఒప్పుకోవద్దూ?"

"ఆయనొచ్చి మా గుడిలో ఒక్క పూట పడుకోమనండి."

"ఆ నోరే తగ్గించుకోమనేది. కొంప ఉండాలనుందా లేదా?"

రెండు రోజులకు జెండా మళ్లీ లేచింది. డోర్కస్ దాన్ని చూసింది. లోపలికొచ్చి ఇంత ఎండుకంప తెచ్చి పొయ్యిలో కుక్కింది.

"కొంప పోతుందే," అన్నాడు సైలస్.

"పోనీ. గుడి వాళ్లది. నిప్పు నాది."

పొగ నిటారుగా లేచింది. మెట్ల మీద పట్టుబట్టలవాళ్లు చేతికర్రలతో ఇటే చూపిస్తున్నారు. సైలస్ ఆ పూట దగ్గకుండా పడుకున్నాడు. డోర్కస్ మాత్రం మూటాముల్లే కట్టి పెట్టుకుంది.

పొద్దున్నే హాబ్డే వచ్చాడు. ముఖం నిండా నవ్వు.

"అదృష్టవంతురాలివి. అతిథులు మురిసిపోయారు. గుళ్లో బలి ఇచ్చి నిప్పుల్లో కాలుస్తున్నారు, ఆ పొగే అది అనుకున్నారు. అచ్చం రోమేనన్నారు. తనే అలా ఏర్పాటు చేయించానని లడ్లమ్ గారు చెప్పుకున్నారు కూడా."

"అయితే పొయ్యి ఆర్పక్కర్లేదా?"

"ఆర్పితే ఊరుకోరు. కాకపోతే నిన్నటిది పలచగా ఉందట, అంతదూరం కంటికి ఆనలేదట. తెల్లగా, దట్టంగా రావాలి. బండెడు తడిగడ్డి పంపిస్తున్నా. జెండా లేస్తే వెయ్యి, దిగేదాకా వేస్తూనే ఉండు."

"తడిగడ్డి పొగ సగం ఇంట్లోకే తంతుందయ్యా. ఆయన ఊపిరి..."

"నిప్పు కావాలని కొండెక్కి ఏడ్చింది నువ్వేగా. ఇచ్చాంగా. ఇంకా ఏడుపేనా? వద్దంటే చెప్పు, ఈ గుడిలో ఉంటామని పదిమంది కాచుకుని ఉన్నారు."

ఆయన పోయాడు, బండి వచ్చింది. మధ్యాహ్నానికి జెండా లేచింది.

మొదటి మోపుకే ఇల్లు పొగతో నిండింది. సైలస్ కళ్లు తేలేశాడు. డోర్కస్ అతన్ని దుప్పట్లో చుట్టి, చంకల కింద పట్టుకుని ఇంటి వెనక్కి ఈడ్చుకెళ్లింది. ముందువైపు పడుకోబెడితే భవంతికి కనబడతాడు. వెనక పంది దొడ్డీ, మంచూ, ఈదురుగాలీ. ఉన్న రెండు దుప్పట్లూ, తన పైగుడ్డా కప్పి, తల ఒళ్లో పెట్టుకుంది. పొగ పలచబడినప్పుడల్లా లేచి, మోచెయ్యి ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికెళ్లి గడ్డి వేసి వచ్చింది.

"బాగా లేస్తోందా?" అన్నాడు సైలస్.

"బ్రహ్మాండంగా."

"వాళ్లకి కనబడుతోందా?"

"నువ్వు మాట్లాడకు."

నాలుగోసారి గడ్డి వేసి వచ్చేసరికి అతను మాట్లాడటం మానేశాడు. దుప్పటి సర్దింది. పిలిచింది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. మళ్లీ తల ఒళ్లోకి తీసుకుని కూర్చుంది.

జెండా ఇంకా దిగలేదు. పొయ్యిలో గడ్డి అయిపోయింది, పొగ సన్నబడి ఆగిపోయింది. ఆమె లేవలేదు. కాసేపటికి కొండ మీదినుంచి భవంతి నౌకరు ఒకడు పరిగెత్తుకుంటూ దిగాడు, పొగ ఎందుకు ఆగిందో అడగడానికి.