సుబేదారు చేతులు

రిటైరైన సుబేదారు ఈరప్ప ఎక్కడ నిలబడినా చేతులు వెనక్కి కట్టుకునే నిలబడతాడు. మిలిటరీ అలవాటని పెనుకొండ పక్కన ఆ పల్లె పల్లెంతా మెచ్చుకుంటుంది. మెచ్చుకోవడానికి ఊరి సొమ్మేం పోయింది! ఏడాదిగా ఆ చేతులు వణుకుతున్నాయని, ఆయన చొక్కా గుండీలు పెట్టే భార్య కౌసల్యమ్మకు తప్ప కన్నకొడుక్కి కూడా తెలియదు. సరిహద్దులో మందుపాతరలు తీసి పతకం తెచ్చుకున్న చేతులవి. వణుకుతున్నాయని ఏ నోటితో చెప్పుకుంటాడు?

ఆ ఉదయం కౌసల్యమ్మ చేనుగట్టున కోసిన పచ్చిగడ్డి మోపు నెత్తిన పెట్టుకుని వచ్చింది. రోజూలాగే కొట్టం ముందు దాన్ని కింద పడేయడానికి మెడ వంచబోయింది.

"అమ్మా, పడేయొద్దు! కదలొద్దు!"

కొడుకు శివకృష్ణ చేను వైపు నుంచి పరుగెత్తుకొచ్చాడు. ముఖాన నెత్తురు చుక్క లేదు.

"ఏమైందిరా?" అన్నాడు ఈరప్ప.

"పందులు శెనక్కాయంతా పెళ్ళగిస్తాండాయని నాటుబాంబులు పెట్టినా, నాయనా. హిందూపురంలో ఒకాయప్ప ఇచ్చినాడు. పొద్దున్నే పోయి అన్నీ ఏరుకున్నా. గట్టు మీదిది ఒక్కటే లేదు. ఆడ గడ్డి కోసినారు."

ఈరప్పకు పై ప్రాణాలు పైనే పోయాయి. పంది కొరికితే పేలే ఉండ అది. ఒత్తిడి పడినా, రాపిడి తగిలినా పేలుతుంది. కంచే చేను మేసిందంటే ఇదే. మందుపాతరలు తీసినవాడి కొడుకు సొంత చేలో మందు పెట్టాడు! చెంప పగలగొట్టాలనిపించింది. దానికి వేళ కాదు.

మోపు అందుకోవడానికి తానే చేతులు చాచాడు. వేళ్ళు తగలగానే గడ్డి సరసరలాడింది. ఆ వణుకు కౌసల్యమ్మ నెత్తికి తెలిసింది.

"ఏమయ్యా, నువ్వు చేతులు తీసెయ్యి," అంది మెల్లిగా.

శివకృష్ణ అప్పుడు చూశాడు తండ్రి చేతులు. జల్లెడ పట్టినట్టు ఊగుతున్నాయి. ఈరప్పకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తుపాకుల ముందు కూడా ఆయన ఇంత చిన్నబోలేదు.

"చూసినావు కదరా. ఇవి పనికిరావు. నువ్వే దించల్ల. తాడు పట్టుకోవాకు. అడుగున చేతులు పెట్టు, పిండొద్దు."

"నాకు భయమైతాండాది, నాయనా."

"కావల్ల. భయం లేనోడు తొందరపడతాడు. కౌసల్యా, మోకాళ్ళు వంచు. ఇంకొంచెం. ఆగు. ఊపిరి తీసుకో."

ఈరప్ప గొంతు మాత్రం వణకలేదు. ధర్మవరం మగ్గాల మధ్య పుట్టిన మనిషి కౌసల్యమ్మ, లాగితే పోగు తెగుతుందని చిన్నప్పుడే తెలిసినది. చెప్పినంతే కదిలింది. మోకాళ్ళు నేలకు ఆనాయి. మోపు బరువు కొడుకు చేతుల్లోకి మారింది. ఆమె తల కిందికి తప్పించుకుని పక్కకు జరిగింది. శివకృష్ణ పసిబిడ్డను పడుకోబెట్టినట్టు మోపును నేల మీదికి దించాడు.

అంతలో కొట్టంలోంచి పాడి ఎనుము మెడ చాచింది. పొద్దుటి నుంచి ఆకలి మీదుంది, ఎదురుగా పచ్చిగడ్డి కనబడుతోంది. పలుపు తెంచుకునేలా ముందుకు గుంజింది. అది ఒక్క నోరు కొరికితే చాలు.

ఈరప్ప అడ్డంగా దూకి రెండు చేతులూ దాని మెడకు చుట్టేశాడు. వణికితే వణికాయి, పట్టు విడవలేదు. అది ఆయన్ను కొట్టం గుంజకేసి నొక్కింది. "పలుపు విప్పరా! వెనకదోవన తోలుకుపో!" అని అరిచాడు. శివకృష్ణ ముడి విప్పి దాన్ని బయటికి లాగాడు.

ముగ్గురూ వీధిలోకి వచ్చాక చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళను కూడా దూరం పంపారు. ఈరప్ప ఫోన్ తీసి నొక్కబోయాడు. వేలు ఒక అంకె మీద నిలిస్తేగా!

"పోలీసులకా?" కౌసల్యమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. "వాడు మన బిడ్డయ్యా. కేసు పెడతారు. పందుల కోసం ఎవరో పెట్టినారని చెప్దాం."

కొడుకు తండ్రి ముఖంలోకే చూస్తున్నాడు. ఎవరో పెట్టారంటే నమ్ముతారు. సుబేదారు మాటను ఆ ఊళ్ళో ఎవరు కాదంటారు? ఈరప్ప వాడి కళ్ళలోకి చూశాడు. ఒక్కగానొక్క కొడుకు.

"ఇచ్చినాయప్ప ఇంకెంతమందికి ఇచ్చినాడో! ఇయ్యాల నీ నెత్తికెక్కింది. రేపు పక్కింటి గోవిందమ్మ గడ్డి కోసుకోను పోదా?"

కౌసల్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఈరప్ప ఫోన్ కొడుకు చేతికిచ్చాడు.

"నా వేలు నిలవదు. నువ్వే చెయ్యి. ఎవరిచ్చినారో కూడా చెప్పు."

శివకృష్ణ నంబరు నొక్కాడు. అవతల ఎవరో ఎత్తారు.

"సార్, మా కొట్టం ముందర గడ్డిలో నాటుబాంబు ఉండాది. నా పేరు శివకృష్ణ. సుబేదారు ఈరప్ప కొడుకుని." తండ్రి వణికే చెయ్యి భుజం మీద పడింది. "పెట్టింది నేనే, సార్."