అటెండరమ్మ మడమలు

ఆ ఆఫీసులో ఫైళ్ళు వాటంతటవే నడుస్తాయి. కాకపోతే కొత్త ఫైలుకి ఎవరో ఒకరు ముందు నడిచి దారి చూపించాలి. ఆ పని అటెండరమ్మది. పొద్దున్నే బల్లలు తుడిచి, ఫైలు తాడు పట్టుకుని బయల్దేరుతుంది. వెనకాలే అది అట్టలు ఆడించుకుంటూ వస్తుంది. జనం కాస్త పక్కకి తప్పుకుంటారు, అంతే.

నీళ్ళాఫీసు, ఇళ్ళాఫీసు, పింఛన్ల ఆఫీసు ఒకే రోడ్డుకి అటూ ఇటూ ఉన్నా ఒకదాని మొహం ఒకటి చూసేవి కావు. కుళాయి అడిగినవాణ్ణి ఇటు నుంచి అటు తిప్పి చెప్పులరగదీసేవి. ఎట్టకేలకు మూడూ కలిసి పనిచేస్తామన్నాయి. ఏ ఫైలైనా మూడు చోట్లకీ వెళ్ళాలి, వెళ్ళిన రోజే సంతకం పడాలి. బాగానే ఉంది. మరి ఫైళ్ళకి రోడ్డు దాటడం ఎవరు నేర్పుతారు?

"నువ్వే నేర్పాలి చెల్లెమ్మా," అన్నాడు సూపరింటెండెంటు. "ఇది అయిందంటే నీ ఉద్యోగం పర్మినెంటే."

"నా ఫైలు ఎంతవరకూ వచ్చింది అన్నయ్యా?"

"కదుల్తోందిలే. దాన్ని నేనే దగ్గరుండి నడిపిస్తున్నా."

పదకొండేళ్ళుగా ఆ మాటే. అయినా నమ్మింది పిచ్చితల్లి. మూడు నెలలు ఎండలో వేల ఫైళ్ళని రోడ్డు దాటించింది. మడమలు పగిలి నెత్తురొచ్చినా సెలవు పెట్టలేదు.

కొత్త పద్ధతికి రిబ్బను కత్తిరించిన మర్నాడే సూపరింటెండెంటు ఆమె చేతిలో ఓ కాగితం పెట్టాడు.

"ఫైళ్ళు నేర్చేసుకున్నాయిగా. ఇక ఆ పోస్టు అక్కర్లేదన్నారు. నా చేతుల్లో ఏముంది చెప్పు?"

అప్పుడే బల్ల కింద ఏదో గింజుకున్న చప్పుడైంది. ఆమె వంగి చూసింది. బల్లకాలికి రెండు ముళ్ళేసి కట్టేసిన ఫైలు. దుమ్ము తుడిస్తే నల్లటి జుట్టుతో తన ఫోటోయే. ఈ గది గడప కూడా దాటలేదది.

ఆమె ముళ్ళు విప్పి, నడక రాని ఆ ఫైలుని చంకనేసుకుని ఇంటిదారి పట్టింది.

పాపం, ఆయనకి తట్టనిది ఒకటుంది. ఆ మూడు నెలలూ ఫైళ్ళు చూస్తూ వచ్చింది రోడ్డుని కాదు, ఆమె మడమల్నే. ఆ మడమలు గేటు దాటేసరికి మూడు ఆఫీసుల ఫైళ్ళూ బల్లలు దిగి వెంటబడ్డాయి. ఇంటికొచ్చి మెట్ల మీదా గోడ మీదా సర్దుకుని కూర్చున్నాయి.

మధ్యాహ్నానికి ఆఫీసర్లూ గుమాస్తాలూ స్టాంపులు పట్టుకుని అక్కడికే వచ్చారు. వాళ్ళ వెనక అర్జీలతో జనం. వచ్చిన ఫైలుకి ఆ రోజే సంతకం పెట్టాలన్నది కొత్త నియమం కదా, ముగ్గురు ఆఫీసర్లూ ఆమె ఫైలు మీద కూడా సంతకాలు చేసేశారు. ఇంకొక్కటే మిగిలింది.

సాయంత్రానికి సూపరింటెండెంటూ వచ్చాడు, చొక్కా చెమటతో తడిసి.

"చెల్లెమ్మా, వీటిని వెనక్కి తీసుకురామ్మా."

ఆమె తలెత్తలేదు.

"ముందు చాలామంది ఉన్నారు. లైన్లో రండి సార్."

అన్నయ్య కాస్తా సార్ అయిపోయాడు. వెళ్ళి వరస చివర నిలుచున్నాడు. తన వంతు వచ్చాక ఆమె ఒళ్ళోని తన ఫైలు తెరిచి ముందు పెట్టింది. ఆయన దగ్గర పెన్ను లేకపోతే తనదే ఇచ్చింది. సంతకం అవగానే పెన్ను వెనక్కి తీసేసుకుంది.