వెండి కండ్లు

జనగామ కేబుల్ ఛానెల్‌లో సాయంత్రం వార్తలు చదివే నీరజకు కళ్ళ కింద గుంతలున్నాయన్న సంగతి ఊరందరికీ తెలుసు. అవి లోపమన్న సంగతి మాత్రం కొత్త కెమెరా వచ్చాకే బయటపడింది.

“ఏమనుకోకు నీరజక్కా,” అన్నాడు ఛానెల్ నడిపే హరీష్, తెర మీద ఆమె ముఖాన్ని ఆపి చూపిస్తూ. “పెండ్లి వార్త చదివినా సావు కబురు చెప్పినట్టే ఉన్నది. అక్కకు పానం బాగలేదా అని ఫోన్లు చేస్తున్నరు. గిప్పుడు ఫిల్లర్లని వచ్చినయి. సూదితోని జెల్ ఎక్కిస్తే గుంత పూడుతది. దసరాకు కొత్త సెట్ పెడుతున్నం, గప్పటిలోపల చేయించుకో. లేకుంటే నువ్వు లోపల కూసోని వార్తలు రాయి, కొత్తగ వచ్చిన నవ్య చదువుతది.”

ఆ కుర్చీ కోసం ఆమె లోగడ తన మాటనే మార్చుకొంది. పుట్టి పెరిగిన యాసను ఇంటి గడప దగ్గరే విడిచి రావడాన్ని అప్పట్లో నేర్పు అనుకొంది. ఇప్పుడు ముఖం వంతు వచ్చింది.

అయినా క్లినిక్‌కు వెళ్ళింది. కుర్చీ మీద ఆశ చిన్నది కాదు.

డాక్టర్ సాహితి ఏదీ దాచలేదు. “గుంత పూడుతుంది. ఏడాదో, ఇంకొంచెమో ఉంటుంది. వాపు, కమిలిన మచ్చలు మామూలే. చాలా అరుదుగా ఆ జెల్ రక్తనాళంలోకి పోతే చూపుకే ముప్పు. చేయించుకోవడం తప్పేమీ కాదు. కానీ, ఇది మీకు ఎప్పటి నుంచి ఇబ్బందిగా ఉంది?”

హరీష్ చెప్పినప్పటి నుంచి, అన్న జవాబు నీరజ పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. సోమవారానికి సమయం తీసుకొని బయటపడింది.

కురవిలో ఉండే నాయనమ్మ వెంకటనర్సమ్మకు ఫోన్‌లో చెప్పిందల్లా, సోమవారం కండ్లకాడ సూది వేస్తారనే. ముసలామె గుండె జారిపోయింది. మనవరాలికి చూపు పోతున్నదనుకొని, ఆ నిమిషమే వీరభద్రస్వామికి వెండి కళ్ళు మొక్కింది. “నయమైనంక ఇద్దామంటే అప్పటిదాంక నేనుంటనో లేదో. సూదికంటె ముందుగాల్నే ఇద్దాం, ఐతారం నాడు రా బిడ్డా,” అని కబురు పెట్టింది.

ఆదివారం గుడి వరుసలో నిలబడ్డాక అవ్వ కొంగు ముడి విప్పి కళ్ళజతను నీరజ అరచేతిలో పెట్టింది. పలుచని రేకు మీద అచ్చుతో కొట్టిన కళ్ళు. రెప్పలున్నాయి, నల్లగుడ్లున్నాయి, కింద అంతా నున్నన. ఎవరి బాధకైనా దుకాణంలో దొరికేవి ఈ కళ్ళే.

“అవ్వా, నా చూపుకేం కాలే. కండ్లకింద గుంతలు పూడ్పిచ్చుకొమ్మన్నరు, గంతే.”

అవ్వ ఆమె ముఖాన్ని దగ్గరికి లాక్కొని చూసింది. తర్వాత తన కళ్ళ కింద వేలు పెట్టుకొని తడుముకొంది. “గివేనా? గివి నాయి గదనే! మీ నాయినకు గూడ గివే ఉండె. ఎవడే పూడ్పిచ్చుకొమ్మన్నది?”

“మా హరీష్. పరేషాన్ల ఉన్నట్టు కనవడుతున్ననట.”

“ఉన్నవా?”

“లేను.”

“మరి లేనిది వానికెట్ల కనవడ్డదే?”

నీరజ తన ముఖాన్ని తాను నేరుగా ఏనాడూ చూసుకోలేదు. అద్దం చూపించింది, కెమెరా చూపించింది, చివరికి హరీష్ చూపించాడు. లోపల లేని దిగులు పైన ఉన్నదని ఇతరులు అన్నందుకు, దాన్ని తనదిగా ఒప్పుకొని వైద్యానికి కూడా బయలుదేరింది.

“ఇంటికి పోదాం పా అవ్వా. రోగమే లేదాయె, మొక్కెందుకు?”

“మొక్కినంక ఎనుకకు తీసుకుంటరానే? వీరన్న ఊకుంటడా?”

ఇంతలో వరుస కదిలి వాళ్ళ వంతు వచ్చింది. పూజారి పళ్ళెం ముందుకు జరిపి, “ఎవరి పేరు మీదమ్మా?” అని అడిగాడు.

అవ్వ నోరు తెరిచేలోపే నీరజ అందుకొంది. “హరీష్. ఊరు జనగామ.”

అవ్వ తెల్లబోయి చూసింది. సంగతి బుర్రకెక్కేసరికి బోసినోటితో నవ్వి, గర్భగుడిలోకి వినబడేటట్టు, “వాని కండ్లు మంచిగ కావాలె స్వామీ! పాపం, ఇంక శానా చిన్నోడు,” అన్నది.

సోమవారం నీరజ క్లినిక్‌కు ఫోన్ చేసి రావడం లేదని చెప్పింది. సాయంత్రం స్టూడియోలో కొబ్బరిచిప్ప బల్ల మీద పెట్టింది.

“కురవి ప్రసాదం. నీ పేరు మీద వెండి కండ్లు ఇచ్చినం.”

హరీష్ కంగారుగా కళ్ళు నులుముకొన్నాడు. “నా కండ్లకేమైందక్కా?”

“లేని రోగం కనవడుతున్నది గద, అందుకని. ఈ కుర్చీ కోసం నా మాట మార్చుకున్న. ముఖం మార్చుకోను. నవ్యను కూసోబెడితే కూసోబెట్టు. కానీ నన్ను కుర్చీల నుంచి ఎందుకు లేపినవో ఆ వార్త నేనే రాస్త. కెమెరా ముంగట నువ్వే చదవాలె.”

తలుపు దగ్గర నవ్య కిసుక్కుమన్నది. హరీష్ కొబ్బరిచిప్పను పక్కన పెట్టి, “టైమైతుంది, కూసో అక్కా,” అని, గుంతల్లో నీడ పడేలా చేసే నడినెత్తి మీది లైటు ఆర్పబోయాడు.

“ఉండనియ్యి,” అన్నది నీరజ.

కాగితాలు సర్దుకొని, కెమెరాలోకి సూటిగా చూసింది.