కల్లం షాట్

ప్రసన్నకుమార్‌కి చిలకలూరిపేటలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే షాపుంది. పొద్దున్నే షట్టరెత్తి, టీ తాగి, ముందు తన సరదా పని చూసుకుంటాడు. పాత సినిమాల్లో కెమెరా ఎక్కడ పెట్టారో, అక్కడే ఎందుకు పెట్టారో విడమరిచి యూట్యూబ్‌లో చెబుతాడు. చూసేది నాలుగొందల మంది. అయితేనేం, గొంతు సవరించుకున్నాడంటే లక్షమంది ముందు నిలబడ్డట్టే.

ఆ వారం, ముప్పై ఎనిమిదేళ్ల కిందట పర్చూరు పక్కన తీసిన సినిమా పట్టుకున్నాడు. దానికి మిగిలింది ఒకే కాపీ, అదీ ఇతని కంప్యూటర్లోనే. అందులో మిరప కల్లంలో తెల్లబారిన తాలుకాయలు ఏరే ఆడవాళ్లు నిజంగా కూలికొచ్చినవాళ్లే. వాళ్లకి సినిమాలోనూ ఏటా వయసు పెరుగుతూనే ఉంటుంది. ఎవరైనా పోతే షాట్‌లోంచి కూడా లేచి వెళ్లిపోతారు. పోయే ముందు కొన్నాళ్లు మొహం మసకబారుతుంది. ఇది అందరికీ తెలిసిందే. డాక్టరు దగ్గర్నుంచి వస్తూ షాపు ముందు ఆగి, "ఒకసారి మా అమ్మని చూపించవయ్యా" అని అడిగేవాళ్లూ ఉన్నారు.

"కెమెరా నేలకి జానెడు ఎత్తులో ఉంది," అని మైకులో చెబుతున్నాడు. "అందుకే ఫ్రేములో సగానికి పైగా కాయల ఎరుపే. ట్రాలీ నెమ్మదిగా కదులుతూ ఇద్దరిద్దరి దగ్గర ఆగుతుంది. ఫోకస్ ఎక్కడా జారలేదు, చూడండి."

జారింది. చివరి జంటలో, తన తల్లి శాంతి మీద. పక్కనున్న అమ్మ స్నేహితురాలు కోటేశ్వరి నుదుటి చెమట కూడా కనిపిస్తోంది గానీ, అమ్మ కళ్లెక్కడున్నాయో తెలియడం లేదు.

పెళ్లికూతురు మసగ్గా వస్తే ఏం చేస్తాడో అదే చేశాడు. అంచులు కోసి ఫ్రేము బిగించి, అమ్మని మధ్యకి తెచ్చాడు. మొహం తేటపడింది. కోటేశ్వరి కుడి భుజం దగ్గర తెగిపోయింది. పెళ్లిళ్లలో పక్కవాళ్లు తెగడం మామూలే కదా అనుకుని సేవ్ చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం శాంతి షాపుకొచ్చింది. మనిషి నడకలో పదేళ్లు తగ్గాయి.

"కోటేశ్వరికి పొద్దుట్నుంచి కుడిచెయ్యి లేవట్లేదురా. ఏం చేశావు?"

దాచలేక చెప్పేశాడు. "నీ కోసమేనమ్మా."

"ముప్పై ఎనిమిదేళ్లు పక్కపక్కనే కూర్చుని ఏరాం. నాకు ఒళ్లు బాగోకపోతే నా వాటా కూడా అదే ఏరేది. దాన్ని కోసి నన్ను బతికిస్తావా? ఎట్టున్నది అట్టా పెట్టు."

"పెడితే నువ్వుండవు."

"తెలుసు. ప్రార్థన చేసుకునే వచ్చాను."

కోయకుండా పదును పెంచి చూశాడు. వెలుతురు మార్చి చూశాడు. అమ్మ మొహం తేరలేదు. శాంతి స్టూలు మీద కూర్చుని, కదలకుండా ఎదురుచూసింది. ఇక దారిలేక, ఏడుస్తూ, ఫ్రేముని మొదట్లో ఉన్నట్టే పెట్టి సేవ్ చేశాడు.

నిమిషంలో శాంతి ఫోన్ మోగింది. "చెయ్యి లేచిందే శాంతీ," అంటోంది కోటేశ్వరి. శాంతి నవ్వింది. చెంగు సర్దుకుని, "రాత్రికి కూరేం వండను?" అంటూ గుమ్మంలో వెనక్కి తిరిగింది.

మధ్యాహ్నపు ఎండ నేరుగా ఆమె మీద పడుతోంది. ప్రసన్నకుమార్ కళ్లు తుడుచుకుని చూశాడు. మళ్లీ తుడుచుకున్నాడు. ఎంత చూసినా అమ్మ మొహం కంటికి ఆనలేదు.